బయానా ఇవ్వకముందు ఒక్క మాట

అబ్బయ్యా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నా, పిల్లోడు మద్రాసులో పాత కారు చూశాడంట, గేర్లు అవే పడతాయంట" అంది. నీ సంపాదనతో ఇంటి ముందు కారు నిలబెడతా ఉన్నావని సాయంత్రం టీ కొట్టు కాడ నలుగురికీ చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలా.

కాగితాల సంగతి నాకన్నా నీకే తెలుసు. తమిళనాడు బండి గనక అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, లోను తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకి 29, 30. రంగూ, సీట్లూ నీ ఇష్టం. నా భయమల్లా గేర్‌బాక్సుదే.

1995లో పన్నెండేళ్ళ పాత అంబాసిడర్ కొన్నా, స్టీరింగు కిందే గేరు రాడ్డుండే హ్యాండ్ గేరుది. ట్రయల్ చూసినంతసేపూ అమ్మినాయన టేప్ రికార్డర్ మోగిస్తానే ఉన్నాడు. నేనూ తలాడిస్తా తోలా. పదేళ్ళు లారీ తోలినోడికి ఒకరు చెప్పేదేంది అని పొగరు. నెల తిరక్కుండానే నీ పుట్టెంట్రుకలకి శ్రీశైలం బయల్దేరాం. పొదిలి రాకముందే వెనక సీట్లోంచి మీ అమ్మ, "అన్నా, కింద ఏందో నలిగినట్టు చప్పుడొస్తంది" అంది. "నీకేం తెలుసు, నోరు మూసుకో" అన్నా.

తిరిగొచ్చేటప్పుడు శిఖరం దాటి దోర్నాల వైపు దిగతా ఉంటే సెకండ్ గేరు దానంతటదే జారి న్యూట్రల్లో పడింది. బండి పలుపు తెంచుకున్న దూడ మాదిరి పోతంది. లివర్ లాగితే గర్రుమంటదే గానీ పడదు. తొక్కీ తొక్కీ బ్రేకులు కాలిన వాసన, పెడలు మెత్తబడిపోయింది. చివరికి ఎడం పక్క కొండ గట్టుకి రాసి ఆపా. రెండు తలుపులూ లోపలికి పోయాయి. వెనక్కి తిరిగి చూస్తే మీ అమ్మ నిన్ను పొట్టకి అదుముకొని వంగిపోయి ఉంది. నీ గుండు గంధమంతా ఆమె జాకెట్టుకి అంటుకుంది. నువ్వు నిద్ర కూడా లేవలా. కందుకూరు చేరిందాకా ఆమె నాతో మాట్లాడలా.

బ్రేకులు చల్లారాక మెల్లగా దిగి, దోర్నాలలో లారీకి మోకు కట్టి మార్కాపురం ఈడ్చుకొచ్చాం. మేస్త్రీ డ్రెయిన్ నట్టు విప్పితే నూనెతో పాటు రంపప్పొట్టు ముద్దలు ముద్దలుగా పడింది. అరిగిన పళ్ళ మోత వినబడకుండా పోశారు. అరచేతిలో నలిపితే ఇనప రజను తళుక్కుమంది.

అందుకని, బండి ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పు. బానెట్టు మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాల. పాటలు కట్టెయ్, ఏసీ కట్టెయ్, అద్దాలు దించు. ఖాళీ స్థలంలో స్టీరింగు చివరిదాకా తిప్పి మెల్లగా పోనియ్. టకటకమంటే యాక్సిల్ జాయింటు పోయినట్టే. చక్రం వెనక రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మిందేమో వంగి చూడు, ప్యాంటు మాసిద్దని ఆలోచించబాక.

ఏఎంటీ అంటున్నావు, అదే, గేర్లు అవే పడే రకం. లోపలుండేది మామూలు క్లచ్చే, నీ కాలి బదులు మిషను తొక్కుద్ది. గేరు మారేటప్పుడు రవ్వంత తల ఊగటం దాని నైజం. ఎక్కుడులో ఇంజను మోత పెరిగి బండి మాత్రం ముందుకు పోకపోతే క్లచ్చు అరిగింది, ఆ ఖర్చు బేరంలో తగ్గించు. వేడెక్కాక గేరు పడక న్యూట్రల్లోకి పోతా, స్టీరింగు ముందు మీటర్లలో హెచ్చరిక లైటు వెలుగుతా ఉంటే సగానికిచ్చినా వద్దు. ఇంకోటి. 2015 డిసెంబరులో, మళ్ళీ 2023లో మిచాంగ్ తుపానుకి మద్రాసులో కార్లు మునిగాయి. గేరాయిలు తీయించి చూడు. పాలు కలిపిన కాఫీ మాదిరి ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టు.

కొన్నాక కూడా, ఎక్కుడులో యాక్సిలేటరు తొక్కి నిలబెట్టబాక, క్లచ్చు మాడిద్ది. బ్రేకు ఎందుకుంది? ఘాట్ దిగేటప్పుడు మాన్యువల్లో పెట్టి రెండో గేరు పట్టించు. పెట్రోలు మిగులుద్దని న్యూట్రల్ వేశావని తెలిస్తే పెళ్ళైనోడివని కూడా చూడను.

ఆదివారం పినాకిని రైల్లో వస్తా. అప్పటిదాకా బయానా ఇవ్వబాక. మీ అమ్మని కూడా తీసుకొస్తా. ట్రయల్‌కి పోయేటప్పుడు ఆమెని వెనక సీట్లో కూర్చోబెట్టు, ఆమె ఏదన్నా చప్పుడంటే బండి పక్కకి ఆపు.

మీ మామ