బాణీ ఇచ్చిన మాట: ఫాంటసీ చిత్ర సంగీతాన్ని ఎలా తూచాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఎన్నో ఏళ్లుగా అభిమానిస్తున్న స్వరకర్త ఒక కొత్త ఫాంటసీ చిత్రానికి నేపథ్య సంగీతం అందించారు. ఆల్బమ్ విడుదలైన వారం లోపే అభిమానులు రెండు పక్షాలయ్యారు. గుర్తుండే బాణీ ఒక్కటీ లేదనీ, ఉన్నవి కూడా ఆయన పాత చిత్రాల నుంచి తెచ్చుకున్నవేననీ ఒక పక్షం వాదిస్తోంది. ఆయన ఇంతకు మించిన పని ఎన్నడూ చేయలేదని రెండో పక్షం గట్టిగా అంటోంది. మీరు ఆల్బమ్ రెండుసార్లు విన్నా ఏ అభిప్రాయమూ కుదరలేదు. సినిమా ఇంకా చూడలేదు. ఎవరి మాట నమ్మాలని అడిగారు.

నేను స్వరకర్తను కాను. కొన్నేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. 2001 నుంచి ఫాంటసీ చిత్రాల సంగీతాన్ని శ్రద్ధగా వింటున్నాను. ఇటువంటి వాదాల్లో రెండు వైపులా నిలబడి మాట్లాడిన అనుభవమూ ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఫాంటసీ చిత్రంలో ఒక బాణీ మొదటిసారి వినిపించినప్పుడు ప్రేక్షకుడికి ఒక మాట ఇస్తుంది. ఆ మాట కథ చివరికి నిలిచిందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు కొలత. ఆల్బమ్ వినగానే ఆ బాణీని మనం కూనిరాగం తీయగలుగుతున్నామా అన్నది దాని తర్వాతి విషయం.

ఈ సంగతి నాకు తెలిసివచ్చిన సందర్భం చెబుతాను. హోవర్డ్ షోర్ సంగీతం అందించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు చిత్రాల్లో చివరిదైన ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ 2003లో వచ్చినప్పుడు, మాంత్రికుడు గాండాల్ఫ్ గుర్రం మీద గోండోర్ రాజ్యపు రాజధాని మినాస్ తిరిత్ నగరం అంచెలంచెలుగా ఎక్కిపోయే చోట వాద్యబృందం మొత్తం ఎత్తుకున్న గోండోర్ బాణీ విని నేను ఉప్పొంగిపోయాను. ఇది ఈ మూడో చిత్రం కోసమే కట్టిన కొత్త బాణీ అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత 2001 నాటి మొదటి చిత్రాన్ని ఇంట్లో మళ్లీ చూస్తుండగా, ఎల్రాండ్ అనే పెద్ద కూర్చిన సభలో గోండోర్ వీరుడు బోరోమిర్ లేచి తన దేశం గురించి మాట్లాడే చోట, మాటల వెనుక హార్న్ వాద్యం మీద అదే బాణీ మెల్లగా వినిపించింది. ఆపి, వెనక్కి జరిపి, మూడుసార్లు విన్నాను. ఆ నగరం మన కంటపడటానికి రెండేళ్ల ముందే, దాన్ని ప్రేమించిన మనిషి నోటి మాటతో పాటు దాని బాణీ మనకు అందింది. అప్పుడది నిండుగా విచ్చుకోలేదు, ఎందుకంటే అప్పటికి ఆ నగరం ఒక మనిషి బెంగ మాత్రమే. సినిమాహాల్లో మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని గమనించనే లేదు. అయినా మూడో చిత్రంలో నా గుండె అంతగా కదలడానికి ఆ గమనించని పరిచయం కూడా ఒక కారణమని నమ్ముతున్నాను.

మిగతా కథలకంటే ఫాంటసీకి ఇది ఎక్కువ అవసరం. నిజమైన ఊరిని తెర మీద చూపిస్తే దాని గతం మనకు ఎంతో కొంత తెలిసే ఉంటుంది. కల్పిత రాజ్యానికి అటువంటి గతం లేదు. కోటలు, దుస్తులు, భాష ఎంత శ్రద్ధగా తయారుచేసినా అవి మన కళ్ల ముందు అప్పుడే పుట్టినట్టు ఉంటాయి. ఆ లోకం మనకంటే ముందునుంచీ ఉన్నదన్న నమ్మకం కలిగించే పని చాలావరకు సంగీతం మీదే పడుతుంది. అదే కథలో గుర్రపు రౌతుల రాజ్యమైన రోహన్ ప్రజల కోసం షోర్ నార్వే దేశపు హార్డాంగర్ ఫిడేలును ఎంచుకున్నారు. కమానుకు తగలకుండానే ప్రతిధ్వనించే అదనపు తంత్రులు దానికి ఉంటాయి. అందుకే దాని నాదంలో పాత జ్ఞాపకం లాంటి ఒక నీడ వినిపిస్తుంది. వయొలిన్ పట్టిన వాడిగా నాకు ఆ ఎంపిక మీద ఎంత గౌరవమో చెప్పలేను.

ఇక వాదాల సంగతి. 2012 డిసెంబరులో, అదే లోకపు ముందరి కథకు షోరే సంగీతం అందించిన ‘ది హాబిట్’ మూడు భాగాల్లో మొదటిది వచ్చినప్పుడు నేనూ నా మిత్రుడూ సరిగ్గా మీరు చెప్పినటువంటి తగువులోనే చిక్కుకున్నాం. కథానాయకుడు బిల్బో ఇంట్లో మరుగుజ్జు వీరులు పోగొట్టుకున్న కొండను తలుచుకుని మంద్రస్థాయిలో పాడే పాట అతనికి ప్రాణం. ఆ పాట బాణీయే తర్వాత వాళ్ల ప్రయాణంలో వాద్యబృందం మీద పెద్దదై వినిపిస్తుంది. మొత్తం కథ దీని మీదే నిలబడుతుందని అతను అన్నాడు. నాకు నచ్చనిది వేరే ఉంది. చివర్లో ఆ వీరుల నాయకుడు థోరిన్ మంటల మధ్య నుంచి తన శత్రువు అజోగ్ వైపు నడిచే చోట, పాత చిత్రాల్లో నాజ్‌గూల్ అనే ప్రేతాశ్వికులకు కట్టిన కోరస్ బాణీ వినిపించింది. ఆ దృశ్యంలో నాజ్‌గూల్ లేరు, వాళ్ల నీడ కూడా లేదు. పదకొండేళ్లుగా ఒక అర్థంతో విన్న పదాన్ని ఎవరో మరో అర్థంలో వాడినట్టు అనిపించి నేను చాలా బాధపడ్డాను.

ఒకరినొకరు ఒప్పించలేక, ఇద్దరం చెరొక నోటుపుస్తకం తీసుకుని సినిమాను మళ్లీ చూశాం. బాణీ వినిపించిన నిమిషం, తెర మీద ఉన్న పాత్ర, మోగుతున్న వాద్యం, ముందరిసారికీ ఇప్పటికీ వచ్చిన మార్పు: ఇవే రాసుకున్నాం. ఆ రాతలతో మా వాదం రూపమే మారిపోయింది. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అన్న మాటలు తగ్గి, ఫలానా చోట ఇది ఎందుకు వచ్చింది అన్న ప్రశ్నలు మొదలయ్యాయి. 2013లోనూ 2014లోనూ వచ్చిన తర్వాతి భాగాలకూ అదే పద్ధతి పాటించాం. రెండో భాగంలో స్మాగ్ అనే డ్రాగన్ కోసం షోర్ ఇండోనేషియా కంచు వాద్యాల బృందమైన గమెలాన్‌ను వాడిన తీరు మా ఇద్దరినీ కట్టిపడేసింది. బంగారు రాశుల మీద ఒక భారీ ప్రాణి ఒత్తిగిలుతున్నట్టే వినిపించే శబ్దం అది. ఆల్బమ్ మాత్రమే విని, ఇందులో బాణీ ఎక్కడుందని ప్రశ్నించిన వాళ్లకు ఆ శబ్దం చేసిన పని తెలిసి ఉండదు.

నా మిత్రుడికి ప్రాణమైన ఆ పాట బాణీ మాత్రం తర్వాతి భాగాల్లో మొదటి చిత్రంలోలా మళ్లీ మనల్ని పలకరించలేదు. పోయిన ఇంటి కోసం పాడిన పాట, ఆ ఇల్లు తిరిగి దక్కినప్పుడూ దాని కోసం థోరిన్ ప్రాణం విడిచినప్పుడూ వినిపించకపోవడం అతనికి తీరని లోటుగా మిగిలిపోయింది. నేను అతనితో అప్పుడూ ఏకీభవించాను, ఇప్పుడూ ఏకీభవిస్తాను. సంగీతం తానిచ్చిన మాట తప్పిన సందర్భం అది. శ్రద్ధగా వింటే ప్రతి ఫిర్యాదూ కరిగిపోతుందని నేను చెప్పడం లేదు. కొన్ని ఫిర్యాదులు శ్రద్ధగా విన్నకొద్దీ మరింత గట్టిపడతాయి, అలా నిలిచిన వాటికే విలువ.

అయితే నా మిత్రుడు ఆ తప్పును నేరుగా షోర్ మీద మోపినప్పుడు నేను ఒప్పుకోలేదు. ఆ పాటకు బాణీ కట్టింది షోర్ కాదు, ప్లాన్ 9 అనే న్యూజిలాండ్ సంగీత బృందం. పైగా మొదటి చిత్రం ఆల్బమ్‌లో ఉన్న సంగీతానికీ తెర మీద వినిపించిన సంగీతానికీ పలుచోట్ల తేడాలున్నాయి. సినిమా సంగీతంలో ఏది ఉండాలో ఏది తీసేయాలో స్వరకర్త ఒక్కరే నిర్ణయించరు. దర్శకుడు ఉంటాడు, ఎడిటర్ ఉంటాడు, చివరి మిక్సింగ్‌లో గుర్రపు డెక్కల చప్పుడు కింద వేణువు మునిగిపోవచ్చు. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి అలెక్స్ నార్త్ కష్టపడి రాసిన సంగీతాన్ని పక్కన పెట్టి, కూర్పు సమయంలో తాత్కాలికంగా వాడుకున్న శాస్త్రీయ కృతులనే దర్శకుడు స్టాన్లీ కూబ్రిక్ ఉంచేశారు. కాబట్టి మీరు ఒక లోపం గుర్తించినప్పుడు లోపాన్ని లోపమనే చెప్పండి. దాని బాధ్యత ఎవరిదన్నది రుజువు లేకుండా తేల్చేయకండి. అభిమానుల వాదాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా నొప్పించేది ఈ తొందరపాటే.

ఆ తాత్కాలిక సంగీతం పద్ధతి గురించి చెబితే, పాతదే తిరగరాశారన్న ఆరోపణ కూడా కొంత అర్థమవుతుంది. కొత్త సంగీతం సిద్ధమయ్యే లోపు ఎడిటింగ్ గదిలో వేరే చిత్రాల సంగీతాన్ని దృశ్యాలకు జోడించి పనిచేయడం మామూలు. నెలల తరబడి అదే వింటూ కూర్చున్న దర్శకుడి చెవి దానికి అలవాటు పడిపోతుంది, స్వరకర్తను దానికి దగ్గరగా ఉండేదే అడుగుతాడు. ఇది ఒక కారణం. రెండోది, వింటున్న మనం స్వరాల పోలికనూ వాద్యాల పోలికనూ ఒకటిగా పొరబడటం. ఒకసారి రెండు ఫాంటసీ చిత్రాల బాణీలు అచ్చంగా ఒకటేనని ఎవరో వాదిస్తే నేను రెండింటినీ వయొలిన్ మీద నెమ్మదిగా వాయించి స్వరాలు రాసుకున్నాను. నడకలో గాని, స్వరాల వరుసలో గాని దగ్గరతనం లేదు. రెండింటిలోనూ సెలెస్టా మోగుతోంది, అంతే. 1886లో పారిస్‌లో పుట్టిన ఆ చిరుగంటల వాద్యాన్ని 1892 నాటి ‘నట్‌క్రాకర్’ బ్యాలేలో చైకోవ్‌స్కీ వాడినప్పటి నుంచి దానికి మాయాజాలపు రంగు అంటుకుంది. 2001లో మొదటి హ్యారీ పాటర్ చిత్రానికి జాన్ విలియమ్స్ ప్రధాన బాణీ ఎత్తుకున్నదీ దాని మీదే. అలాగే ఆశ్చర్యం, ఎగరడం చూపించే చోట్ల పాశ్చాత్య స్వరకర్తలు తరచుగా ఎంచుకునే లిడియన్ స్వరక్రమం మన మేచకల్యాణి స్వరాలే. కల్యాణిలో ఉన్న రెండు కీర్తనలను ఒకదానికొకటి నకలని మనం అనం కదా. అదే కల్పిత లోకానికి వచ్చిన కొనసాగింపు చిత్రంలో పాత బాణీ తిరిగి వినిపిస్తే దాన్ని దోషమనడం మరీ అన్యాయం. అక్కడ అడగవలసింది అది సరైన అర్థంలో వచ్చిందా అన్నదే. నాజ్‌గూల్ బాణీ విషయంలో నా అభ్యంతరం ఇదే.

రుచి భేదం గురించి కూడా ఒక అనుభవం చెప్పాలి. రిడ్లీ స్కాట్ తీసిన ‘లెజెండ్’ 1985లో ఐరోపాలో జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతంతో విడుదలైంది. అమెరికా విడుదలకు మాత్రం దాన్ని తొలగించి, జర్మనీకి చెందిన టాంజరీన్ డ్రీమ్ బృందపు ఎలక్ట్రానిక్ సంగీతం పెట్టారు. గోల్డ్‌స్మిత్ సంగీతంతో దర్శకుడి కూర్పు 2002లో డీవీడీగా వచ్చింది. నేనూ ఆ మిత్రుడూ రెండు కూర్పులనూ వరుసగా రెండు సాయంత్రాలు చూశాం. రెండింటి ఎడిటింగ్ కూడా వేరు కాబట్టి తేడా అంతా సంగీతానిదే అనలేను. అయినా అడవిలో ఆ ఒంటికొమ్ము గుర్రాలు కనిపించే చోట, గోల్డ్‌స్మిత్ వాద్యబృందం నాకు ఎవరో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ వింటున్న భావన కలిగించింది. సింథసైజర్ల కూర్పు ఒక మనిషి ఒంటరిగా కంటున్న కలలా తోచింది. నాకు మొదటిది దగ్గరైంది, నా మిత్రుడికి రెండోది. మా నోటుపుస్తకాలు ఆ రాత్రి దేన్నీ తేల్చలేకపోయాయి. అటువంటి చోట వాదన ఆపి ఎవరికి నచ్చింది వారు వినడమే మంచిదని ఇద్దరం ఒప్పుకున్నాం.

మౌనాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. 1933 నాటి ‘కింగ్ కాంగ్’లో మాక్స్ స్టైనర్ టైటిళ్ల తర్వాత నగరంలోనూ ఓడ మీదా జరిగే తొలి భాగమంతా సంగీతం లేకుండా వదిలేశారు, ఓడ పొగమంచులోకి, ఆ వింత ద్వీపం వైపు సాగినప్పుడే వాద్యాలు మొదలవుతాయి. మామూలు లోకం ఎక్కడ ముగిసిందో సంగీతమే చెబుతుంది. ఇది ఏ ఆల్బమ్‌లోనూ వినిపించదు.

కాబట్టి, సినిమా చూడకుండా మీరు ఏ పక్షానికీ మాట ఇవ్వకండి. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి చిత్రమైన ‘ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’ సంగీతం 2001లో ఆల్బమ్‌గా వచ్చినప్పుడు గంటకు కాస్త ఎక్కువ నిడివి ఉంది. 2005లో పూర్తి రికార్డింగ్ బయటికి వస్తే అది మూడు గంటలు. అంటే ఆల్బమ్ ఒక్కటే విని తీర్పు చెప్పినవారు అందులో మూడోవంతుకు కాస్త ఎక్కువ మాత్రమే విన్నారు. మీరు వింటున్న కొత్త ఆల్బమ్ కూడా ఎంపిక చేసిన భాగమే కావచ్చు. మొదటిసారి ఏ నోటుపుస్తకమూ లేకుండా, కథ కోసం సినిమా చూడండి. రెండోసారి ఒక్క బాణీని, మీకు అన్నిటికంటే తక్కువ నచ్చినదాన్ని ఎంచుకుని, అది ఎవరితో వస్తుందో, ఎప్పుడు విరిగిపోతుందో, ఆఖరి అరగంటలో ఎక్కడ తేలుతుందో రాసుకోండి. ఆ రాతను ఇక్కడే పంచుకుంటే తప్పక చదువుతాను. నేను కూడా ఈ వారాంతం ఆ సినిమా చూసి నా రాతను దాని పక్కన పెడతాను.