కాటి సీను తొమ్మిదింటికల్లా మొదలవ్వాలి

చిరంజీవి బాబుకి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసి, మన నాటక సమాజం స్వర్ణోత్సవాల బాధ్యత నీ నెత్తిన పెట్టారని చెప్పింది. ఐదు రోజులట, నాలుగు రోజులు గుంటూరులో, ఒక రోజు విజయవాడ తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలో అట. ఆమె చెబుతున్నంతసేపూ బాగానే ఉన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు ఆగలేదు. మీ నాన్న ఉంటే ఆ ఐదు రోజులూ హార్మోనియం ముందు నుంచి లేచేవాడు కాదు కదా అనిపించింది. ఆ తర్వాత భయం పట్టుకుంది. రాత్రి నిద్ర లేదు. నాలుగింటికే లేచి కాఫీ కలుపుకుని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే అత్తయ్యా, చూస్తాను" అని పెట్టేస్తావు. కాగితమైతే దగ్గర పెట్టుకుంటావు.

ఏప్రిల్ 16న మొదలుపెట్టడం చాలా బాగుంది. కందుకూరి వారి పుట్టినరోజు, మన నాటకరంగ దినోత్సవం. కాకపోతే అది గుంటూరు ఎండ, పైగా మిర్చి సీజన్. పైనుంచి వచ్చే ఆర్టిస్టులను మిర్చి యార్డు దరిదాపుల్లోని లాడ్జీల్లో దింపకు. చవగ్గా వస్తుందని ఎవరైనా చెప్పినా వినకు. ఆ ఘాటు ఒక్క రాత్రి పీలిస్తే పొద్దున్నకి గొంతు పట్టేస్తుంది. మనకు అలవాటైపోయి తెలియదు, వాళ్లకు తెలుస్తుంది. బ్రాడీపేట వైపో అరండల్‌పేట వైపో చూడు.

హాలు బుకింగు, జనరేటరు, పోలీసు పర్మిషను, సావనీరు యాడ్లు, ఇవన్నీ నీకు చెప్పనక్కర్లేదు. డ్రెస్సులు, సెట్టింగులు సప్లై చేసేవాళ్లకు మాత్రం అడ్వాన్సు ముందే ఇచ్చెయ్యి. ఏప్రిల్, మే నెలల్లో ఊరూరా తిరునాళ్లు, నాటకాలు. ఇవ్వకపోతే మనకు రావాల్సిన కిరీటాలు ఇంకో ఊరికి పోతాయి.

నాటకాల జాబితా మీ అమ్మ చదివింది. కన్యాశుల్కం పెట్టావు, సంతోషం. మొదటిసారి 1892లో ఆడారు, మనం ఈరోజు ఆడుకునేది 1909లో గురజాడ వారు తిరగరాసినది. మొత్తం ఆడాలంటే రాత్రంతా కావాలి కాబట్టి కుదించక తప్పదు. కానీ జనం నవ్వుతారని గిరీశం మాటలన్నీ ఉంచేసి, బుచ్చమ్మనూ మీనాక్షినీ కోసెయ్యకండి. ఆ ఆడవాళ్ల కష్టం మీదే ఆ నాటకం నిలబడింది. కుదించే పని దర్శకుడికి వదిలెయ్యి గానీ, కుదించాక ఒకసారి నువ్వు కూర్చుని చదువు.

రాయబారానికి ముగ్గురు కృష్ణులను పిలిచావట. పడక సీను ఎవరిది, రాయబారం ఎవరిది, ఏ పద్యం ఎవరు పాడాలి, ఇదంతా పది రోజుల ముందే కాగితం మీద పెట్టి ముగ్గురికీ పంపు. తెర వెనక తేల్చుకుందాం అనుకుంటే ఇద్దరు అలుగుతారు. అందరికీ తెలిసిన పద్యం రెండో కృష్ణుడు ఎత్తుకుంటే మూడో కృష్ణుడి మొహం ఎలా మారిపోతుందో నేను చాలాసార్లు చూశాను.

కాలేజీ పిల్లలతో కొత్త సంగీత నాటకం, ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద చేయిస్తున్నారని విన్నాను. చేయించు. వాళ్ల పాటలకు తాళం ఉంది, ట్రాక్ సరిపోతుంది. కానీ పద్య నాటకాల జోలికి ఆ ట్రాక్ రానివ్వకు. పద్యానికి తాళం ఉండదు నాన్నా. నటుడు ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ ఆగాలి, ఎక్కడ రాగం సాగదీస్తే అక్కడ వెంట నడవాలి. ఆ పని మనిషి చెయ్యాలి. ముందు హార్మోనిస్టును మాట్లాడుకో, తర్వాత మిగతావాళ్లను. ఏ నటుడిది ఏ శ్రుతో ఆయన చేతికి రాసివ్వు. మీ నాన్న ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేవాడు. మీ ఇంట్లో వెతుకు, దొరకవచ్చు.

తులాభారంలో సత్యభామగా అమ్మాయే వేస్తోందన్నారు. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు ఆ వేషంతో తెలుగుదేశమంతా తిరిగారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చీర కుచ్చెళ్లు సర్దుకునే తీరు చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని మా అమ్మ చెప్పేది. ఆ అమ్మాయికి ఆయన సంగతి చెప్పు, బెదరగొట్టడానికి మాత్రం కాదు. ఇంకో మాట. ఆడపిల్లలకు గ్రీన్‌రూమ్ వేరుగా, లోపల గడియ ఉన్నది చూడు. బాత్రూమ్‌లో నీళ్లు వస్తున్నాయో లేదో నువ్వే వెళ్లి కుళాయి తిప్పి చూడు. నాటకం అయ్యాక ఒక్కొక్క అమ్మాయినీ కారులో ఇంటి గుమ్మం దాకా దింపి, లోపలికి వెళ్లాక ఫోన్ చేయమను. నేను వేషాలు వేసే రోజుల్లో రాత్రి రెండింటికి మేకప్పు సగం తుడుచుకుని, తెలియని ఊరి బస్టాండులో తెల్లారేదాకా పెట్టె మీద కూర్చున్నాను. ఎన్ని రాత్రులో లెక్కలేదు. ఈ విషయంలో ఖర్చు ఎక్కువవుతోందని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

ఇక నేను నిద్రపోకపోవడానికి అసలు కారణం చెబుతాను. మీ అమ్మ చివర్లో అంది, "ఆఖరి రోజు హరిశ్చంద్ర, దానికి ముందు సన్మానాల సభ, మొదటి శాలువా నీకే వదినా" అని.

25 ఏళ్ల కిందట రజతోత్సవాల్లో లోహితుడి వేషం నీది. నీకు ఎనిమిదేళ్లు. ఆ రాత్రి సంగతి మీ నాన్న నీకు చెప్పి ఉండడు. నువ్వు అంతసేపూ నిద్రపోయావు.

సన్మానాల కమిటీ నా చేతిలో ఉండేది. మొదట ఐదుగురి పేర్లు రాశాం. తర్వాత ఒకరు ఫోన్ చేసి ఫలానా ఆయన నొచ్చుకుంటాడన్నారు, చేర్చాను. చందా ఎక్కువ ఇచ్చినాయన్ని చేర్చాను. నాకు మొహమాటం ఉన్న ప్రతి ఒక్కరినీ చేర్చాను. 23 మంది అయ్యారు. ఒక్కొక్కరికి దండ, శాలువా, సన్మానపత్రం చదవడం, జ్ఞాపిక, ఫొటో, ఆయన రెండు మాటలు, కలిపి ఎనిమిది నిమిషాలు. 23 మందికి మూడు గంటలు దాటుతుంది. చిన్నపిల్లలు కూడా వెయ్యగల లెక్క అది. నేను వేసుకోలేదు.

ఆరున్నరకు సభ మొదలైంది. ఉపన్యాసాలు అయ్యేసరికి ఎనిమిది. అప్పుడు సన్మానాలు మొదలయ్యాయి. ఆఖరి పేరు నాది. పదకొండు దాటింది. అప్పటికే నారాకోడూరు, చేబ్రోలు వైపు వెళ్లేవాళ్లు బస్సుల కోసం లేచిపోతున్నారు. వేదిక మీద నుంచి నాకు కనపడుతూనే ఉంది. అయినా మైకు అందుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాను. నా చిన్నతనం, నా మొదటి వేషం, నా కష్టాలు. పట్టుచీరలో ఉన్నాను. నేనే చంద్రమతిని, నేనింకా మేకప్పు కూడా వేసుకోలేదు.

కాటి సీనులో హరిశ్చంద్రుడు మన మాస్టారు. బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ రిహార్సలుకు వచ్చేవారు. సమాజం పుట్టిన రోజు నుంచీ ఉన్నారు. అప్పటికి ఆయనకు 71. ఎనిమిదికల్లా తెర తీస్తామని నేనే చెప్పాను కాబట్టి ఆరింటికే రంగు వేసుకుని, కంబళి కప్పుకుని, సైడ్ వింగ్‌లో ట్రంకు పెట్టె మీద కూర్చున్నారు. పద్యం పాడే రోజు ఆయన అన్నం తినరు. మధ్యాహ్నం మిరియాల పాలు తాగారు, అంతే. ఒకసారి శాలువాలు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు నన్ను చూసి, "ఎంతసేపమ్మా?" అని అడిగారు. "పది నిమిషాలు మాస్టారూ" అన్నాను. మళ్లీ వెళ్లినప్పుడు ఆయన అడగలేదు.

వారణాసి సీను ఇంకొకరు వేశారు. కాటి సీనుకు తెర లేచేసరికి ఒంటిగంట. నిన్ను భుజాన వేసుకుని నేను స్టేజీ మీదికి వచ్చాను. పాము కరిచిన బిడ్డలా పడుకోవాలని మూడు వారాలు నేర్పించాం నీకు. ఆ రాత్రి నేర్పు అవసరం లేకపోయింది. నిజంగానే నిద్రలో ఉన్నావు. నీ చెయ్యి నా వీపు మీద వేలాడుతోంది. ఎదురుగా చూస్తే అన్నీ కుర్చీలే. ముందు వరుసలో సన్మానాలు చేయించుకున్నవాళ్లలో ఒక్కరూ లేరు. హాలు మొత్తం మీద నలభై మంది ఉంటారేమో.

మాస్టారు మొదటి పద్యం ఎత్తారు. గొంతు పైకి వెళ్లింది. రెండో పద్యంలో, జాషువా గారి పద్యం అది, తారస్థాయికి వెళ్లబోయి గొంతు జీరపోయింది. ఆగారు. మళ్లీ ఎత్తారు. మళ్లీ అక్కడే. అప్పుడు మీ నాన్న చప్పుడు చెయ్యకుండా శ్రుతి ఒక మెట్టు దించాడు. ఎవరికీ తెలియలేదు, నాకూ మాస్టారికీ తప్ప. ఆయన ఒక్కసారి హార్మోనియం వైపు చూశారు. మైకుల్లేని పందిళ్లలో కూడా దిగని శ్రుతి అది. ఆ దిగిన శ్రుతిలోనే మిగతా పద్యాలన్నీ, ఒక్కటి వదలకుండా పాడారు. ఉన్న నలభై మందీ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, చంద్రమతిలా కాదు.

లోపలికి వచ్చాక కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ, "సభ బాగా జరిగిందమ్మా" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఇన్నేళ్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆయన మళ్లీ రంగు వేసుకోలేదు. అడిగితే, "పిల్లలకు ఇవ్వండి" అనేవారు. రెండేళ్లకు పోయారు. నేను క్షమించమని అడగలేదు. అడుగుదామని రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి, కాఫీ తాగి వచ్చేశాను.

కాబట్టి బాబూ, కోపంగా చెబుతున్నా అనుకో, బతిమాలుతున్నా అనుకో. సన్మానాలు సాయంత్రం పెట్టకు. ఒక రోజు పొద్దున్న పదింటికి వేరే సభ పెట్టి, వాళ్ల కుటుంబాలను కూడా పిలిచి, అరిటాకులో భోజనం పెట్టి పంపు. వాళ్లకూ అదే మర్యాద. సాయంత్రం దీపం వెలిగించడం, ఐదు నిమిషాలు మాట, తెర. పెద్దమనిషి ఎవరో దారిలో ఉన్నారు, పావుగంట ఆపండి అంటారు. ఆపకు. వచ్చి చీకట్లో కూర్చుని చూస్తారు. కాటి సీను తొమ్మిదింటికల్లా మొదలవ్వాలి. ఆఖరి బస్సులు ఎన్నింటికో బస్టాండుకు మనిషిని పంపి కనుక్కుని, దాని నుంచి వెనక్కి లెక్క వేసుకో. లోహితుడు వేసే పిల్లాడికి ఏడింటికే ఇంత పెరుగన్నం పెట్టించు.

కరపత్రంలో హరిశ్చంద్ర కింద బలిజేపల్లి వారి పేరు ఎలాగూ వేస్తారు, ఈ గుంటూరులో పిల్లలకు పాఠాలు చెప్పినాయన. దాని పక్కనే జాషువా గారి పేరు కూడా వెయ్యి. కాటి సీనులో జనం ఎదురుచూసే శ్మశానం పద్యాలు ఆయనవి. ఆయనదీ మన వినుకొండే. పద్యాలు పాడించుకుని పేరు వదిలేసిన కరపత్రాలు చాలా చూశాను.

డబ్బుల విషయం మర్చిపోయాను. ఎవరి కవరు వాళ్లకు ఆ రాత్రే, మేకప్పు తీసేలోపు ఇచ్చెయ్యి. ప్రాంప్టరుకూ, తెర లాగే అతనికీ ముందు.

నాకు శాలువా వద్దు. అలిగి చెప్పడం లేదు. ఆనాటి శాలువా బీరువాలో మడత విప్పకుండా ఉంది, ఇంకొకటి పెట్టడానికి చోటు లేదు. నాకు మూడో వరుసలో, మోకాళ్లు చాపుకోవడానికి వీలుగా చివర కుర్చీ ఒకటి ఉంచు. ఐదు రోజులూ వస్తాను. విజయవాడకు కూడా వస్తాను. మీ అమ్మతో కలిసి బస్సులో వస్తాం, కారు పంపకు, అది ఆడపిల్లలకు ఉంచు.

మాస్టారి కంబళి నా దగ్గరే ఉంది. ఆయన పోయాక వాళ్లావిడ ఇచ్చారు. ఏటా ఎండలో వేసి, వేపాకు పెట్టి దాస్తున్నాను, పురుగు పట్టలేదు. ఈసారి హరిశ్చంద్రుడు వేసే అబ్బాయికి అది ఇవ్వు. చూడడానికి తేలిగ్గా ఉంటుంది గానీ బరువు, పద్యం మధ్యలో భుజం మీద నుంచి జారుతుంది. రిహార్సల్స్ మొదటి రోజు నుంచీ కప్పుకునే పాడమను. ఉతికించొద్దు. ఆదివారం నాలుగు తర్వాత వచ్చి తీసుకెళ్లు, పొద్దున అయితే నేను ఫిజియోథెరపీకి వెళ్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య