వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటే ఆయా అక్కర్లేదా?

పాపకి ఆరు నెలలు నిండాయి, లీవ్ అయిపోతోంది, వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు కాబట్టి ఆయా లేకుండా నెట్టుకురావచ్చా అని అడిగారు. కుదరదండి. నేనూ సరిగ్గా అదే లెక్క వేసుకుని నెలన్నర నానా పాట్లూ పడ్డాను.

మాది నిజాంపేట, నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేస్తా, మావారు పొద్దున తొమ్మిదికి వెళ్తే మళ్ళీ రాత్రి ఎనిమిదికే. బాబుని చీర ఉయ్యాల్లో వేసి, తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, చేతులు లాప్‌టాప్ మీద కాలు ఉయ్యాల మీద, అబ్బో భలే ఐడియా అనుకున్నా. ఓరోజు కాల్‌లో ఉండగా కొరియరతను బెల్ కొట్టాడు, తాడు సంగతి మర్చిపోయి గభాల్న లేచా, ఉయ్యాల విసురుగా ఊగి వాడు కెవ్వుమన్నాడు, మ్యూట్ కూడా పెట్టుకోలేదు. దెబ్బేం తగల్లేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పైగా ఇంట్లో ఉంటే ఖాళీగా ఉన్నట్టే అందరి లెక్కలో. గ్యాస్ బండ నేనే తీసుకోవాలి, పక్క ఫ్లాట్ వాళ్ళ పార్సిలూ నేనే.

తర్వాత మా వీధిలోనే ఒకావిడని పదింటి నుంచి రెండింటిదాకా పెట్టుకున్నాం, నెలకి 9 వేలు. బుర్ర పెట్టాల్సిన పనంతా ఆ నాలుగు గంటల్లోనే, మెయిల్స్ లాంటివి వాడు పడుకున్నప్పుడు.

ఇంకోటి, 2017లో ప్రసూతి చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల లీవ్ అని అందరికీ తెలుసు, కానీ 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసి రావచ్చని కూడా అప్పుడే పెట్టారు. మా ఆఫీసులో నేను అడిగేదాకా ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. ఇంటి నుంచి పని మాత్రం హక్కేం కాదు, పనిని బట్టి మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకుంటేనే. అందుకే ఎన్ని నెలలు, ఏ టైమింగ్స్ అన్నది మెయిల్‌లో రాయించుకోండి. నాకు నోటిమాటగా ఏడాది అన్నారు, మేనేజర్ మారాక ఐదో నెలకే ఆఫీసుకి రమ్మన్నారు.

ఆయాని మీరు జాయిన్ అయ్యే రెండు వారాల ముందు నుంచే రమ్మనండి, కొత్త మనిషి అలవాటవ్వాలి కదా. మేం అలా చెయ్యలేదు, మావాడు మొదటి వారమంతా నా గది దాకా పాక్కుంటూ వచ్చి తలుపు గీకేవాడు, నేను లోపల హెడ్‌సెట్ పెట్టుకుని వినపడనట్టు కూర్చునేదాన్ని. రెండో వారానికి సర్దుకున్నాడు. నాకే ఇంకాస్త టైం పట్టింది.