అరవై రెండు వేలు మీ ఆదాయం కాదమ్మా

ప్రశ్న: మాది కాజీపేట ఫాతిమానగర్. మా ఆయన హన్మకొండలో ఒక షోరూంలో లెక్కలు చూస్తారు. చేతికి వచ్చే జీతం 34,000. బాబు ఏడో తరగతి, పాప నాలుగు. అద్దె, ఫీజులు, ఇంటి సరుకులు అన్నీ కలిపి నెలకు 27,000 అవుతుంది. నేను ఇంట్లోనే జపమాలలు కడతాను, క్రోషే అల్లుతాను, ఫ్రాకులు కుడతాను. క్రిస్మస్‌కు ప్లమ్ కేకులు, గులాబీ పూలు చేసి అమ్ముతాను. పోయిన డిసెంబరులో కిలో 750 చొప్పున 64 కిలోల కేకు, మరో 14,000 రూపాయల గులాబీ పూలు అమ్మాను. మొత్తం 62,000 ఆదాయం వచ్చింది. ఈసారి వంద కిలోలు దాటేలా ఉంది, నా చిన్న ఓవెన్ చాలదు. బంగారం బ్యాంకులో పెట్టి 1,60,000 తీసుకుని పెద్ద ఓవెన్, మిక్సర్ కొనాలనుకుంటున్నాను. సరుకులకు గిరిగిరి ఫైనాన్స్ వాళ్ల దగ్గర 50,000 తీసుకుని క్రిస్మస్ అయ్యాక కట్టేస్తాను. కాలనీలో 50,000 చిట్టీ ఉంది. నెలకు 2,500 చొప్పున 20 నెలలు. 14 కట్టాను, ఇంకా ఎత్తలేదు. సంఘం లోను నెలకు 2,200 కడుతున్నాను. బ్యాంకులో 11,000 ఉంది. జులైలో మా ఆయనకు డెంగీ వచ్చి 47,000 ఖర్చయితే, 30,000 తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. మేలో గుడిలో పాప మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే వేడుక ఉంది, దావత్‌కు 60,000 అనుకుంటున్నాం. ఓవెన్ కోసం బంగారం పెట్టమంటారా, చిట్టీ ఎత్తమంటారా? పోయినేటి సరుకుల చీటీ కూడా పంపుతున్నాను.

జవాబు: అమ్మా, కేకుల గురించి, ఓవెన్ గురించి మీరు ఇంత రాశారు, డెంగీ గురించి ఒక్క వాక్యం. నేను ఈ ఉత్తరానికి జవాబు రాస్తున్నది ఆ ఒక్క వాక్యం వల్లే. ఇంట్లో ఒక మనిషి వారం రోజులు మంచాన పడితే మూడు రూపాయల వడ్డీకి పరుగెత్తాల్సి వచ్చిన కుటుంబం, మూడు నెలలు తిరక్కముందే ఇంకో రెండు లక్షల పదివేలు అప్పు చేస్తానంటోంది. ఇంట్లో చిన్న వ్యాపారం పెట్టుకున్న ఆడవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. చేతిపని బాగుంటుంది, ఆర్డర్లు వస్తాయి, ధైర్యం వస్తుంది. కష్టకాలానికి దాచింది మాత్రం ఏమీ ఉండదు.

ముందు మీ లెక్క సరిచేద్దాం. 62,000 మీ ఆదాయం కాదు, అమ్మకం. మీ చీటీ ప్రకారం కిలో కేకుకు ఎండుద్రాక్ష, జీడిపప్పు, ఖర్జూరం, టూటీఫ్రూటీ, వెన్న, గుడ్లు, మైదా, చక్కెర కలిపి 410. డబ్బా, అట్ట 30. కరెంటు, గ్యాస్ 20. మొత్తం 460. మిగిలేది 290. 64 కిలోలకు 18,560. గులాబీ పూలలో సగం మిగిలిందనుకున్నా 7,000. అంటే డిసెంబరులో మీరు సంపాదించింది పాతిక వేల చిల్లర. అది కూడా మీ కూలి లెక్కలో వేయకుండా. రాత్రి రెండింటిదాకా నిలబడి గుడ్లు గిలక్కొట్టిన మనిషికి ఎంత కట్టాలో మీరే చెప్పండి.

మరి 62,000 అని ఎందుకు అనిపించింది? బీట్‌బజార్‌లో డ్రైఫ్రూట్స్ కొని ద్రాక్షరసంలో నానబెట్టింది అక్టోబరులో, మీ ఆయన జీతంతో. వెన్న నవంబరు జీతంతో. డబ్బులు మాత్రం డిసెంబరులో మీ ఫోన్‌పేకు వచ్చాయి. మీ చీటీలో ఒక మూల పెన్సిలుతో ‘పాలవాడికి 640’ అని ఉంది, దాని కిందే ‘వెన్న 2 కిలోలు’. ఇంటి పాలు, కేకు వెన్న ఒకే కాగితం మీద, ఒకే ఖాతాలో. అలా ఉన్నంతకాలం లాభమెంతో మీకే కాదు, ఏ ఆడిటర్‌కూ తెలియదు.

ఇప్పుడు ఓవెన్. ఈసారి 40 కిలోలు ఎక్కువ చేశారనుకుందాం. కిలోకు 290 చొప్పున 11,600. బంగారం మీద 1,60,000కు నూటికి పది అనుకున్నా ఏడాది వడ్డీ 16,000. డిసెంబరులో ఓవెన్ సంపాదించేది వడ్డీకే చాలదు, అసలు మాట దేవుడెరుగు. మిగతా పదకొండు నెలలు అది మీ వంటింట్లో సగం జాగా ఆక్రమించుకుని కూర్చుంటుంది. గులాబీ పూలకైతే ఓవెనే అక్కర్లేదు కదా. అచ్చు, మూకుడు, బాగా కాగిన నూనె ఉంటే చాలు. కేకు కంటే దానిలో మిగిలేదీ ఎక్కువే. ఈసారి ఆర్డర్లు అటు మళ్లించండి.

కేకు ఎక్కువ చేయాల్సి వస్తే దానికీ దారుంది. మన ఊళ్లలో పిండి, నెయ్యి, చక్కెర పట్టుకెళ్తే బిస్కెట్లు కాల్చి ఇచ్చే బేకరీలు ఉన్నాయి. అలాంటి బేకరీ ఆయనతో ఇప్పుడే మాట్లాడుకోండి. కిలోకు ఇంత అని కాల్చే కూలి ఇచ్చి, కలిపిన పిండి మీ టిన్నుల్లోనే పట్టుకెళ్లండి. డిసెంబరులో వాళ్లకూ తీరిక ఉండదు కాబట్టి క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలం మొదలయ్యేదాకా ఆగితే దొరకరు.

గిరిగిరి మాట మీరు ఇంకోసారి ఎత్తకండి. కోపంగానే చెబుతున్నాను. మన దగ్గర మామూలుగా నడిచే పద్ధతిలో 50,000 అని రాసుకుని వడ్డీ ముందే పట్టుకుని 42,500 చేతిలో పెడతారు. రోజుకు 500 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి ఏడాది లెక్కన చూస్తే నూటికి 120 దాటిన వడ్డీ అది. ‘క్రిస్మస్ అయ్యాక కట్టేస్తా’ అన్నారు. కట్టడం మర్నాడే మొదలవుతుందమ్మా! అక్టోబరు మధ్యలో తీసుకుంటే క్రిస్మస్ నాటికి 35,000 కట్టేసి ఉండాలి, మీ కేకుల డబ్బు ఇంకా చేతికి పూర్తిగా రాకముందే. ఆ రోజుకు 500 ఎక్కడినుంచి తెస్తారు? ఫీజు డబ్బుల్లోంచి, లేకపోతే ఇంకో గిరిగిరిలోంచి. సాయంత్రమయ్యేసరికి గేటు ముందు బండి ఆగిన చప్పుడు వింటే పిల్లలు కూడా ఉలిక్కిపడే ఇళ్లు నాకు తెలుసు.

సరుకుల డబ్బు మీ దగ్గర కేకులు కొనేవాళ్లే ఇస్తారు, అడగండి. సగం అడ్వాన్సు ఇస్తేనే ఆర్డరు. 64 కిలోలకైనా 24,000 ముందే వస్తుంది. సరుకుల ఖర్చులో చాలావరకు దానితోనే గడిచిపోతుంది. గుడి దగ్గర రోజూ కలిసేవాళ్లు, సిస్టర్లు, మొహమాటం అంటారేమో. కేకు తీసుకెళ్లి జనవరిలో డబ్బిచ్చేవాళ్లు కూడా ఆ తెలిసినవాళ్లలోనే ఉంటారు కదా.

ఇక అసలు విషయం. మీ ఇంటికి నెలకు 27,000 కావాలి. మీ ఆయనది ప్రైవేటు ఉద్యోగం. మీ సంపాదన గుడి క్యాలెండరును బట్టి నడుస్తుంది. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందు దాకా తపస్సు కాలం, ఆ నలభై రోజులు పెళ్లిళ్లుండవు, పార్టీలుండవు, కేకు అడిగేవాళ్లుండరు. ఈస్టరు దాటాక తెల్ల ఫ్రాకులు, వెయిల్స్ కుట్టే పని. జూన్‌లో అదంతా ఫీజులకు పోతుంది. మళ్లీ అక్టోబరులో జపమాల నెల, నవంబరు 2న సమాధుల పండుగకు కొవ్వొత్తులు, ఆపైన డిసెంబరు. ఇలా ఒక నెల నిండుగా, మూడు నెలలు ఖాళీగా ఉండే ఇంటికి కష్టకాలానికి మూడు నెలల ఖర్చుకు సరిపడే నిధి చాలదు, ఆరు నెలలది ఉండాలి. ఆరు ఇరవై ఏడు వేలు లక్షా అరవై రెండు వేలు. మీరు ఓవెన్ కోసం చేయబోయే అప్పు, మీ ఇంట్లో ఉండాల్సి ఉండీ లేని డబ్బు దాదాపు ఒకటే మొత్తం. ఇది చూసి మీకేమనిపించిందో గాని నాకు మాత్రం భయమేసింది.

తపస్సు కాలంలో ఇంట్లో మాంసం మానేస్తారు, కొన్ని ఇళ్లలో రోజుకు ఇంతని పేదల డబ్బాలో వేస్తారు. ఆ డబ్బాలో చెయ్యి పెట్టమని నేను చెప్పను. నలభై రోజులు కూరల ఖర్చు తగ్గిందని లెక్క వేసుకుని, మిగిలిందంతా ఈస్టరు ఆదివారం ఒక్క పూట మటన్‌కు పెట్టే ఇళ్లు నాకు చాలా తెలుసు. అందులో సగం నిధికి వెళ్తే పండుగకేమీ లోటు రాదు.

నిధి మొదలుపెట్టేది ఇలా. ఈ నెలే చిట్టీ పాట పాడి ఎత్తండి. చివరి నెలల్లో పాట పెద్దగా పోదు, నలభై ఆరు వేలైనా చేతికి రావాలి. కాలనీలో ఎవరో నడిపే, రిజిస్టర్ కాని చిట్టీ అది. నడిపే మనిషి మంచిదే కావచ్చు, కానీ ఎత్తకుండా చివరిదాకా ఉన్నవాళ్లే ముందు మునుగుతారు. వచ్చిన దానిలో మొదట 30,000 ఆ మూడు రూపాయల అప్పుకు కట్టి ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి. నెలకు 900 వడ్డీ అక్కడితో ఆగిపోతుంది. మిగిలిన 16,000, బ్యాంకులో ఉన్న 11,000 కలిపితే 27,000. సరిగ్గా ఒక నెల ఇంటి ఖర్చు. డిసెంబరులో మిగిలే పాతిక వేలు కలిస్తే రెండు నెలలకు దగ్గరవుతుంది. చిట్టీ మిగతా ఆరు వాయిదాలు మాత్రం తప్పకుండా కట్టండి. అది అయిపోగానే ఆ 2,500, వడ్డీకి పోయే 900, మీ అల్లికల మీద వచ్చేదానిలో సగమైనా ఇటే రావాలి. ఇంకో చిట్టీలో చేరొద్దు.

ఈ డబ్బు ఎక్కడ పెట్టాలి? ఇప్పుడున్న ఖాతాలో కాదు, ఫోన్‌పే ఉన్న ఏ ఖాతాలోనూ కాదు. ఇంకో బ్యాంకులోనో పోస్టాఫీసులోనో మీ ఇద్దరి పేర్ల మీద ఖాతా తెరిచి, ఫోనుకు తగిలించకండి. డబ్బు కావాలంటే మనిషి వెళ్లి సంతకం పెట్టి తెచ్చుకోవాలి. ఆ కాస్త ఇబ్బందే దాన్ని కాపాడుతుంది. 50,000 దాటాక అందులో సగాన్ని ఏడాది డిపాజిట్‌లో వేయండి. దేనికి తీయాలో ముందే భార్యాభర్తలు మాట్లాడుకోండి. ఆసుపత్రికి తీయొచ్చు, ఉద్యోగం పోతే తీయొచ్చు. వేళాంగణి యాత్రకు, క్రిస్మస్ బట్టలకు, మరిది ఇంటి గృహప్రవేశానికి తీయకూడదు. మీ కేకుల సరుకులకు కూడా తీయకూడదు. ఇది మీరు తప్పకుండా తీస్తారని తెలుసు కాబట్టే ముందే చెబుతున్నాను.

పాప సత్ప్రసాదానికి 60,000 దావత్ ఈ లెక్కలో ఎక్కడా పట్టదు. ఊళ్లో అందరి పిల్లలకూ ఫ్రాకులు కుట్టేది మీరే, పాపకూ మీరే కుడతారు. జపమాల మీరే కడతారు. కేకు మీదే. పూజ అయ్యాక దగ్గరివాళ్లు నలభై మందికి ఇంటి మీదనే బగారన్నం, కోడికూర, పెరుగుచట్నీ. వండే చెయ్యి ఇంట్లో ఉండగా హాలుకెందుకు డబ్బు? 15,000 దాటనీయకండి, అది కూడా జనవరి నుంచి నెలనెలా పక్కన పెట్టుకుని.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు. మీ ఆయన జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ రాదు. ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెరిగింది నిజమే, కానీ అన్ని ఆసుపత్రుల్లో, అన్ని జబ్బులకూ వర్తించదు. అందుకే నలుగురికీ కలిపి ఒక ఆరోగ్య బీమా తీసుకోండి. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టడం కష్టమైతే నెలనెలా కట్టే వీలుందేమో అడగండి. బ్యాంకులో ఏడాదికి 436 కట్టే జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్ష ప్రమాద బీమా ఇద్దరికీ ఈ వారమే రాయించండి. మీ ఆయన పేరు మీద టర్మ్ పాలసీ నిధి సగమయ్యాక చూద్దాం. సంఘం లోను వడ్డీ తక్కువ, అది అలాగే సాగనీయండి.

మ్యూచువల్ ఫండ్లు ఇప్పుడు మీకు అక్కర్లేదు. ఆహార భద్రతా (ఎఫ్ఎస్ఎస్ఏఐ) రిజిస్ట్రేషన్ మాత్రం వెంటనే చేయించుకోండి. ఇంట్లో చేసి అమ్మేవాళ్లకూ అది తప్పనిసరి, ఫీజు నామమాత్రం. రేపు బ్యాంకువాళ్లు కూడా ఆ కాగితం అడగొచ్చు. కేకులకు విడిగా ఒక ఖాతా, విడిగా ఒక నోట్‌బుక్ పెట్టండి, అందులో పాలవాడు కనిపించకూడదు. రెండు క్రిస్మస్‌ల లెక్క అలా శుభ్రంగా ఉండి, నిధి ఆరు నెలలకు చేరితే, తాకట్టు లేకుండా చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోనులో శిశు విభాగం కింద 50,000 దాకా అడగొచ్చు. మీ బంగారం అప్పటికీ మీ బీరువాలోనే ఉంటుంది. అప్పుడు ఆ నోట్‌బుక్ పంపండి, ఏ సైజు ఓవెన్ గిట్టుబాటవుతుందో లెక్క వేసి చెబుతాను.