కంప్యూటర్ జాతరలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆపిల్ కంపెనీ తొలినాటి కంప్యూటర్ ఆపిల్ టూ గురించి ఎక్కడ చదివినా 1977 శాన్‌ఫ్రాన్సిస్కో ఫెయిర్ ప్రస్తావన వస్తుంది. దుకాణంలో పెట్టి అమ్ముకునే సరుకుకి అంత జాతర దేనికి?

జవాబు: పెట్టి అమ్మడానికి అప్పట్లో దుకాణాలే బహు తక్కువ. 1975 జనవరి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ వచ్చాక, బొమ్మ చూసి ముందుగా డబ్బు పంపి నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు ఎందరో. తీరా వచ్చేది కిట్. సోల్డరింగంతా కొన్నవాళ్లే చేసుకోవాలి. డబ్బు పెట్టేముందు మెషిన్ నడుస్తుండగా కళ్లారా చూసే చోటు లేదు. ఆ లోటు తీర్చినవే ఈ ఫెయిర్లు. 1976లో న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో ఒకటి, ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో మరొకటి జరిగాయి. 1977 ఏప్రిల్ 16, 17 తేదీల్లో జిమ్ వారెన్ శాన్‌ఫ్రాన్సిస్కో సివిక్ ఆడిటోరియంలో నడిపిన వెస్ట్ కోస్ట్ కంప్యూటర్ ఫెయిర్‌కి 12 వేల మందికి పైగా వచ్చారు. ఆపిల్ స్టాల్ ప్రవేశద్వారం దగ్గరే ఉంది. నిజానికి పూర్తిగా తయారైన ఆపిల్ టూలు వాళ్ల దగ్గర మూడే. కొమడోర్ కంపెనీ కంప్యూటర్ ‘పెట్’ కూడా అక్కడే కనిపించింది. సోల్డరింగ్ తెలియనివాళ్లూ ప్లగ్ పెట్టి వాడుకోగల మెషిన్లు రెండు ఒకేసారి జనం కంటపడటం మామూలు విషయం కాదు.

ప్రశ్న: ఆ స్టాళ్లలో మెషిన్లు మాటిమాటికీ మొరాయించేవట. ఎందుకని?

జవాబు: ఎక్కువ తిప్పలు క్యాసెట్ టేపుతోనే. అట్లాంటిక్ సిటీలో చూపిన ఆపిల్ వన్‌నే (ఆపిల్ టూకి ముందు మోడల్) తీసుకోండి. దాని రోమ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ 4 కిలోబైట్ల బేసిక్‌ని టేపు నుంచి ఎక్కించాలి. అంటే 32,768 బిట్లు. సెకనుకు సుమారు 1,500 బిట్ల చొప్పున 22 సెకన్లు, ముందు వచ్చే కూత మరో పది సెకన్లు. టేప్ రికార్డర్ వాల్యూమ్ తగ్గితే సర్క్యూట్ సిగ్నల్‌ని పట్టుకోలేదు, పెరిగితే తరంగం ఆకారం చెడి బిట్లు తప్పుతాయి. రెండిట్లో ఏది జరిగినా మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సిందే. జనం కాలు తగిలి ప్లగ్ ఊడిందా, మెమరీ మొత్తం ఖాళీ. సరిపోయే వాల్యూమ్ దొరగ్గానే నాబ్ మీద గీత గీసుకోవడం, టేప్ హెడ్‌ని ఆల్కహాల్‌తో తుడవడం మంచి విరుగుడు.

ఆపిల్ టూలో బేసిక్‌ని రోమ్‌లోనే పెట్టేశారు. ఆన్ చేసి, రీసెట్ నొక్కి, కంట్రోల్-బీ, రిటర్న్ కొడితే సిద్ధం. రంగుల బొమ్మల గురించి అందరూ చెబుతారుగానీ, జనం మధ్య స్టాల్ నడపాల్సినవాళ్లకి ఈ సౌకర్యమే పెద్ద వరం.

ప్రశ్న: లాస్ వేగాస్ కంప్యూటర్ ప్రదర్శన కామ్‌డెక్స్ మూతపడటానికి ఇంటర్నెట్టే కారణమా?

జవాబు: అదొక్కటే అనుకోవడం పొరపాటు. షెల్డన్ ఏడెల్సన్ కంపెనీ 1979లో లాస్ వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్ హోటల్లో మొదలుపెట్టినప్పుడు ప్రదర్శకులు 167 మంది, చూడవచ్చినవాళ్లు నాలుగు వేల లోపే. కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది డీలర్లు. చూసి, బేరమాడి, ఆర్డరిచ్చి వెళ్లేవాళ్లు. స్టాల్ ఖర్చు అక్కడే రాబట్టుకోవచ్చు. 1990ల చివరికి జనం రెండు లక్షలు దాటారు, వాళ్లలో ఆర్డరిచ్చేవాళ్ల పాలు మాత్రం పలచబడింది.

ఖర్చు సంగతి విడిగా చెప్పాలి. అమెరికా ఎగ్జిబిషన్లలో మామూలు స్టాల్ పదడుగుల చదరం. అద్దెకి దక్కేది నేల, చుట్టూ గొట్టాలకి వేలాడే తెరలు, అంతే. కరెంటు, కార్పెట్, బల్ల అన్నిటికీ వేరే బిల్లు. లారీలోంచి సరుకు దించి స్టాల్ దాకా చేర్చే కూలీని వంద పౌండ్ల బరువుకింత అని లెక్కగడతారు. ఇంత పోసి పెట్టిన కొత్త మెషిన్, పక్కనే వందల స్టాళ్ల హోరులో ఎవరి చెవినా పడకపోతే ఆ డబ్బుకి అర్థమేముంది? సొంత సభ పెట్టుకుంటే విలేఖరులందరూ ఒక్కరి కోసమే వస్తారు.

ప్రదర్శన తేదీ కోసం సగం ఉడికిన సరుకుని చూపించే అలవాటూ నమ్మకాన్ని తినేసింది. విసిఆన్ అనే సాఫ్ట్‌వేర్‌ని 1982 కామ్‌డెక్స్‌లో చూపించారు, అమ్మకానికి వచ్చింది మరుసటేడు. విండోస్‌ని 1983 నవంబరులో ప్రకటించారు, వచ్చింది 1985 నవంబరులో.

1995లో జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ ఏడెల్సన్ ప్రదర్శనల వ్యాపారాన్ని 86 కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొంది. అంత ధర రాబట్టాలంటే స్టాళ్ల అద్దె తగ్గించే వీలుండదు, పెద్ద కంపెనీలేమో ఒక్కొక్కటీ జారుకున్నాయి. అప్పటికి నిర్వహణ చూస్తున్న కీత్రీమీడియా 2003 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. ఆ నవంబరుదే లాస్ వేగాస్‌లో ఆఖరి కామ్‌డెక్స్. ఆపిల్ 2009 జనవరి తర్వాత తన మెషిన్ల కోసమే జరిగే మ్యాక్‌వరల్డ్ ప్రదర్శనకి రాలేదు. జర్మనీలోని హానోవర్‌లో జరిగే సెబిట్ కంప్యూటర్ ప్రదర్శన 2018 దాకా లాగింది.

ప్రశ్న: పాత ఆపిల్ టూని వింటేజ్ కంప్యూటర్ ప్రదర్శనకి తీసుకెళ్లాలి. ఆన్ చేసేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు పవర్ సప్లై. అమెరికా మోడల్ 110-120 వోల్టులకే సరిపోవచ్చు, లేబుల్ చదవండి. ఆస్టెక్ కంపెనీ సప్లైల్లో లైన్ (గోడ ప్లగ్ నుంచి కరెంటు వచ్చే) వైపు ఉండే 0.1 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్ పైపూత పగిలితే లోపలి కాగితం తేమ పీలుస్తుంది, కరెంటు తగలగానే పొగ లేస్తుంది. అదే విలువ, ఎక్స్2 గుర్తు (గోడ కరెంటుకి నేరుగా తగిలించదగినదని చెప్పే భద్రతా గుర్తు) ఉన్నది వేయండి. సప్లై లోపల పెద్ద కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా ప్రమాదకరమైన చార్జ్ మిగిలి ఉంటుంది, కాబట్టి ఈ పని అనుభవమున్నవాళ్ల చేతే చేయించండి.

బోర్డుకి తగిలించకుండా ఆన్ చేస్తే సప్లై టిక్ టిక్‌మంటుంది. లోడ్ లేక అలా అంటుందేగానీ అది లోపం కాదు. చిన్న లోడ్ పెట్టి +5, +12, −5, −12 వోల్టులు నాలుగూ కొలవండి. −5 రాకపోతే బోర్డుకి కలపవద్దు, 4116 మెమరీ చిప్పులు పాడైపోతాయి. ప్రయాణపు కుదుపులకి సాకెట్లలోని చిప్పులు పైకి లేస్తాయి. స్టాల్‌కి చేరాక, ప్లగ్ పెట్టకముందే మూత తీసి ఒక్కొక్క చిప్పునీ వేలితో నొక్కి కూర్చోబెట్టండి.