ముందు గిన్నెలు తిరగేసి చూడు, స్టవ్ సంగతి తర్వాత

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అద్దె ఫ్లాట్‌లో నల్ల గాజు స్టవ్ ఉంది, అది మీ ఆవిడకు నచ్చలేదు. ఓనరు "మీ ఖర్చుతో మార్చుకోండి" అన్నాడు. గోడలో గ్యాసు లైను కూడా ఉంది. ఇండక్షన్ కొనాలా, గ్యాసు పెట్టించాలా, ఉన్నదే వాడుకోవాలా అని అడిగావు.

"మీ ఖర్చుతో" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నువ్వు ఆగినట్టు లేవు.

నేను దేశం దాటి ఇరవై రెండేళ్లయింది. నాలుగు రకాల స్టవ్‌ల మీద వండాను, నాలుగింటి మీదా డబ్బు తగలేశాను. ఇప్పుడు మా వంటింట్లో ఏ వస్తువు ఎంత కరెంటు తాగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా ఆయన నన్ను "ఆడిటర్ గారూ" అని పిలుస్తారు. పిలవనీ. మీరంతా ఫోన్‌లో పది వీడియోలు చూసి, పదకొండోది సగంలో ఉండగానే ఆర్డర్ పెట్టేస్తారు. మాకు చెయ్యి కాలితే గానీ ఏదీ తెలిసేది కాదు.

మొదటి ఇంట్లో ఇనుప ప్లేట్ల కరెంటు స్టవ్. అది వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో, చల్లారడానికి అంతకు రెట్టింపు పడుతుంది. మంట కనపడదు కాబట్టి వెలిగిందో లేదో తెలియక నాబ్ చివరిదాకా తిప్పేసేదాన్ని. పాలు పొంగుతున్నాయని ఆపేస్తే, ఆపాక కూడా పొంగి ప్లేటు మీదంతా మాడేవి. ఇంకో తెలివితక్కువ పని ఏమిటంటే, అడుగు గుండ్రంగా ఉండే మూకుడు దాని మీద పెట్టడం. మూకుడు అడుగున రూపాయి బిళ్లంత చోటు మాత్రమే ప్లేటుకు తగిలేది. మిగతా వేడంతా వంటింటికి పోయేది. ఆ నెల కరెంటు బిల్లు చూసి, మీటరు తప్పు తిరుగుతోందని ఓనరుతో గొడవ పెట్టుకున్నాను. మీటరు సరిగ్గానే ఉంది. ఆ ప్లేట్ల కిటుకు రెండు నెలలకు గానీ పట్టుబడలేదు: వంట పూర్తవడానికి ఐదు నిమిషాల ముందే ఆపేస్తే, దాచుకున్న వేడితోనే మిగతాది అవుతుంది. అలవాటైతే అదేమీ చెడ్డ స్టవ్ కాదు, బద్ధకపు స్టవ్.

రెండో ఇంట్లో నీకున్నలాంటిదే, నల్ల గాజు. గాజు కింద తీగ ఎర్రగా కాలి, ఆ వేడి గాజులోంచి గిన్నెకు ఎక్కుతుంది. నీది అదేనా, ఇండక్షనా అన్నది నువ్వు రాయలేదు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. వెలిగించినప్పుడు గాజు కింద ఎర్రటి వలయం కనిపిస్తే తీగ స్టవ్. ఏమీ కనపడకుండా, గిన్నె తీసెయ్యగానే కూసి ఆగిపోతే ఇండక్షన్. ముందు ఇది తేల్చుకో. నీ దగ్గర ఇండక్షనే ఉండి ఇంకో ఇండక్షన్ కొన్నావనుకో, నవ్వేవాళ్లలో నేను ముందుంటాను.

ఆ గాజు మీద నేను పోగొట్టుకున్న డబ్బు ఇప్పటికీ మర్చిపోలేదు. ఒకరోజు పంచదార పాకం పొంగి వలయం మీద పడింది. గాజు కాలుతోంది, చల్లారాక తుడుద్దాంలే అనుకున్నాను. ఎక్కడైనా అదే కదా పద్ధతి. దీని దగ్గర తిరగబడింది. పాకం గాజుకు కరుచుకుని గట్టిపడుతుంది. చల్లారి ముడుచుకునేటప్పుడు గాజు పైపొరను పెచ్చులుగా లాగేస్తుంది. మర్నాడు గీకితే పాకంతో పాటు గాజు రేణువులూ వచ్చాయి. చిన్న చిన్న గుంటలు, వేలితో తడిమితే తెలిసేవి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఆ గుంటలకు పూర్తి గాజు ఖరీదు మా డిపాజిట్లోంచి కోసుకున్నాడు. గాజు పలక ఒక్కటే కొత్త స్టవ్ ధరలో సగం పైన ఉంటుందని అప్పుడే తెలిసింది. అందుకే చెప్తున్నా, చక్కెర ఉన్నది ఏది ఒలికినా స్టవ్ తగ్గించి, వేడిగా ఉండగానే బ్లేడు గీకుడుతో పక్కకు లాగెయ్యాలి. చేతికి మందపాటి గ్లోవు ఉండాలి. ఒక్క గీకుడు కొనుక్కో, చాలు. ఆ గాజు కోసమని అమ్మే క్రీములన్నీ కొనక్కర్లేదు.

ఆ గాజు సంగతి తర్వాత చదివాను. 1953లో కార్నింగ్ ప్రయోగశాలలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజు ముక్కను 600 డిగ్రీల దగ్గర కాల్చబోతే, కొలిమి చెడి 900 దాకా పోయిందట. పాడైందనుకుని పట్టుకారుతో తీస్తుంటే జారి కింద పడింది, పగల్లేదు. గాజు పింగాణీ అట్లా పుట్టింది. ఎర్రగా కాలినా, వెంటనే చన్నీళ్లు పడినా ఓర్చుకుంటుంది గానీ, బరువైన గిన్నె అంచు ఒకేచోట ఠంగున తగిలితే పగులుతుంది. పై అరలో సీసాలు పెట్టకు.

ఇక మూడో ఇల్లు. అసలు కథ ఇదే.

వచ్చేటప్పుడు ఒక పెట్టె నిండా అల్యూమినియం సామాను తెచ్చుకున్నాను. రెండు కుక్కర్లు, మూడు గిన్నెలు, పెనం, మూకుడు. విమానాశ్రయంలో అదనపు బరువుకు కట్టిన డబ్బుతో ఇక్కడే కొత్త సెట్టు వచ్చేదని మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు. మొదటి రెండిళ్లలో అవి పనిచేశాయి, కాకపోతే గాజు మీద బూడిదరంగు గీతలు పడేవి. మూడో ఇంట్లో ఇండక్షన్. కుక్కర్ పెట్టాను, కూసింది, తెర మీద ఒక గుర్తు మిణికింది, ఆగిపోయింది. ఇంకో గిన్నె పెట్టాను, అదే కూత. స్టవ్ పాడైందని ఓనరుకు ఫోన్ చేశాను. అతను నవ్వలేదు, "మీ గిన్నె అడుగున అయస్కాంతం అంటుకుంటుందా?" అని మర్యాదగా అడిగాడు.

ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే సగం డబ్బు మిగిలినట్టే. గాజు కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. ఇంటి కరెంటు సెకనుకు 50 లేదా 60 సార్లు అటూ ఇటూ ఊగితే, స్టవ్‌లోని యంత్రం దాన్ని 20 వేల సార్లకు పైగా ఊగేలా మార్చి ఆ చుట్టలోకి పంపుతుంది. దాంతో పుట్టే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో కరెంటు సుడులు తిప్పుతుంది, గిన్నె అడుగే పొయ్యి అవుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఇనుము దానికి బాగా లొంగుతుంది. అల్యూమినియం, రాగి మామూలు ఇంటి స్టవ్‌లకు లొంగవు.

అది తెలిసి నేనేం చేశాను? "స్టీలంటే ఇనుమేగా" అనుకుని పరుగెత్తి మెరిసిపోయే స్టీలు సెట్టు కొన్నాను. అదీ పనిచెయ్యలేదు. 18/10 అని రాసి ఉండే స్టీలులో నికెల్ ఉంటుంది, దానికి అయస్కాంతం అంటుకోదు. అడుగున వేరే పొర అతికిస్తేనే ఇండక్షన్‌కు పనికొస్తుంది. బిల్లు పారేశాను కాబట్టి షాపువాళ్లు వాపసు తీసుకోలేదు. అంతటితో ఆగానా, లేదు. గిన్నెలు పారెయ్యలేక, వాటి కింద పెట్టుకునే ఇనుప బిళ్ల ఒకటి కొన్నాను. స్టవ్ బిళ్లను కాలుస్తుంది, బిళ్ల గిన్నెను కాలుస్తుంది. అంటే అంత డబ్బు పోసి మొదటి ఇంటి బద్ధకపు ప్లేటును మళ్లీ కొనుక్కున్నానన్నమాట. నీళ్లు మరిగేలోగా బిళ్ల నీలంగా మారింది, కింద వేడెక్కిపోయి స్టవ్ తనంతట తనే ఆగిపోయింది.

ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బులో కొంత తగ్గించి పంపాను. ఎందుకు తగ్గిందని అమ్మ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి నా పర్సులో ఫ్రిజ్ తలుపు అయస్కాంతం ఒకటి ఉంటుంది. షాపులో గిన్నె తిరగేసి పెడతాను. గట్టిగా పట్టుకుంటే కొంటాను, జారితే వదిలేస్తాను. తర్వాత అడుగు మీద స్కేలు పెట్టి చూస్తాను, మధ్యలో వెలుతురు కనపడకూడదు. అయస్కాంతం అంటుకునే భాగం మరీ చిన్నదైతే పెద్ద వలయం దాన్ని గుర్తించదు. పోత ఇనుప పెనం దివ్యంగా పనిచేస్తుంది, గాజు మీద ఈడ్చకుండా ఎత్తి పెట్టాలి. నువ్వు కూడా స్టవ్ గురించి ఆలోచించే ముందు ఇంట్లో గిన్నెలన్నీ నేల మీద బోర్లించి ఈ పరీక్ష చెయ్యి. సగానికి పైన ఫెయిలైతే, ఇండక్షన్ ధరకు కొత్త గిన్నెల ధర కూడా కలుపుకుని చూడు.

గ్యాసు సంగతి. మధ్యలో ఒక ఏడాది సిలిండర్ గ్యాసు ఉన్న ఇంట్లో ఉన్నాం. సెకండ్ హ్యాండ్ స్టవ్ చవగ్గా దొరికింది, మేమే బిగించుకున్నాం. వెలిగిస్తే పొడుగాటి పసుపు మంట, గిన్నెల నిండా మసి. అది లైను గ్యాసుకు అమర్చిన స్టవ్. సిలిండర్ గ్యాసుకు జెట్ కన్నం, అంటే బర్నర్‌లోకి గ్యాసు వచ్చే కన్నం, చిన్నదిగా ఉండాలి, వేరే జెట్లు వెయ్యాలి. పసుపు మంటంటే సరిగా కాలడం లేదని, విషవాయువు వస్తుందని తర్వాత వచ్చిన మెకానిక్ చెప్పి మమ్మల్ని చీవాట్లు పెట్టాడు. ఆ రోజు ఏమీ కాకపోవడం మా అదృష్టం. చాలా దేశాల్లో లైసెన్స్ ఉన్నవాడే గ్యాసు బిగించాలి. మీ దగ్గర రూలు ఏమిటో అక్కడి అధికారిక సైటులో చూసుకో. ఆ విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం, గాలి బయటికి పంపే ఫ్యాను, మంట ఆరితే గ్యాసు ఆపే సేఫ్టీ, ఈ మూడూ ఉండాలి. ఆ ఖర్చులూ రాసుకో.

"గ్యాసు చవక కదా అక్కా" అన్నావు. చవకో కాదో లెక్క వేద్దాం. లీటరు నీళ్లు 20 డిగ్రీల నుంచి మరగడానికి నీళ్లకు పట్టే వేడి 0.093 యూనిట్ (యూనిట్ అంటే కిలోవాట్-అవర్, గ్యాసుకూ అదే కొలత వేస్తున్నాను). ఇండక్షన్ దాదాపు 85 శాతం వేడి గిన్నెకు ఇస్తుంది కాబట్టి 0.11 యూనిట్ లాగుతుంది. గాజు కింద తీగైతే 0.13 దాకా. గ్యాసు మంటలో 40 శాతమే గిన్నెకు చేరుతుంది, మిగతాది పక్కలనుంచి పోతుంది, అందుకని 0.23 పడుతుంది. అంటే మీ బిల్లులో కరెంటు యూనిట్ ధర గ్యాసు యూనిట్ ధరకు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువైతే గ్యాసు గెలుస్తుంది, తక్కువైతే ఇండక్షన్. వంటకు తప్ప గ్యాసు అక్కర్లేని ఇంట్లో, నెలనెలా కట్టాల్సిన కనీస చార్జీ కూడా గ్యాసు మీదే వెయ్యి. ఇప్పుడు ఇంకోటి చూడు. తీగ స్టవ్‌కూ ఇండక్షన్‌కూ లీటరుకు తేడా 0.02 యూనిట్. రోజుకు పది లీటర్లు మరిగించినా నెలకు ఆరు యూనిట్లు. మీ కరెంటు రేటుతో గుణించి, కొత్త స్టవ్ ధరను దానితో భాగించు. ఎన్నేళ్లు వస్తాయో చూసి నాకు రాయి. అద్దె ఇంట్లో అన్నేళ్లు ఉంటావా?

వైరింగ్ గురించి ఎవరూ ముందు చెప్పరు. మా సొంతింట్లో నాలుగు వలయాల ఇండక్షన్ పెట్టించాం. స్టవ్ కన్నా ఎలక్ట్రీషియన్ బిల్లు ఎక్కువైంది. 230 వోల్టుల దేశంలో అలాంటి స్టవ్ 7 కిలోవాట్ల పైన లాగుతుంది, దానికి సాధారణంగా 32 ఆంపియర్ల విడి లైను కావాలి. మామూలు ప్లగ్గుకు కుదరదు. కొన్ని మోడళ్లు మొత్తం వాడకాన్ని తక్కువకు కట్టేసుకుంటాయి, అప్పుడు రెండు వలయాలు ఒకేసారి గట్టిగా పెడితే ఒకటి నీరసపడుతుంది. పాడైందని కంగారుపడకు. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా గుండెలో పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ని అడగాలి, మామూలుగా రెండడుగుల దూరం పాటించమంటారు.

నేను నీ చోట ఉంటే ఏం చేస్తానంటే, ఓనరు స్టవ్ ముట్టుకోను. ఒక్క వలయం ఉన్న చిన్న ఇండక్షన్ కొంటాను, ప్లగ్గులో పెట్టుకునేది. 230 వోల్టులుంటే 2000 వాట్లు, 120 వోల్టుల దేశమైతే 1800 వాట్ల దాకా దొరుకుతుంది. రోజువారీ నీళ్లు, పాలు, కుక్కరు దాని మీద, మిగతావి గాజు మీద. ఇల్లు మారితే చంకలో పెట్టుకుని పోవచ్చు. ఎక్స్‌టెన్షన్ వైరు మీద మాత్రం పెట్టకు. మాది ఒకటి ప్లగ్గు దగ్గర కరిగి, గోడ నల్లబడి, ఆ పెయింటుకూ డిపాజిట్లోంచి కోత పడింది. మీ ఆవిడకు మంట కనపడకపోతే వండినట్టే ఉండదంటున్నావు, నాకూ మొదటి ఏడాది అలాగే ఉండేది. దానికి డబ్బుతో మందు లేదు.

గాజు స్టవ్ అంచు కిందో, సొరుగు లోపలో చిన్న రేకు మీద మోడల్ నంబరు, వాట్లు రాసి ఉంటాయి. దాన్ని ఫొటో తీసి పంపు, బోర్లించిన గిన్నెల ఫొటో కూడా. పోయిన నెల కరెంటు బిల్లు కూడా జత చెయ్యి. ఈలోగా ఏ ఆఫరూ నొక్కకు.