ఫ్లాష్ కార్డులు కొనే ముందు బాబుని ఒక్కసారి చెరువు గట్టుకి తీసుకెళ్లండి

ప్రశ్న అడిగిన అమ్మ మియాపూర్‌లో ఉంటారట. నాలుగేళ్ల బాబుకి ఏ జంతువు, ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో నేర్పడానికి మంచి ఫ్లాష్ కార్డులు ఏవో చెప్పమన్నారు. నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక చిన్న స్కూల్లో నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను. నన్నడిగితే ఆ కార్డులు అసలు కొనొద్దు.

ఏ కార్డులు చూసినా, ఏ ఎల్‌కేజీ పుస్తకం తీసినా అదే పట్టిక. సింహానికి గుహ, పాముకి పుట్ట, పక్షికి గూడు. గీత గీసి జతపరచాలి. సింహం గుహలో కాపురం పెట్టదు. గుజరాత్‌లోని గిర్‌లో అయితే ఎండు అడవిలో చెట్ల నీడన, ఆఫ్రికాలో అయితే గడ్డి మైదానాల్లో పడుకుంటుంది. పుట్ట పెట్టేది చెదలు, పాము ఎలుక కోసమో చల్లదనం కోసమో అందులో దూరుతుంది. పక్షి గూడు కట్టేది గుడ్లు పెట్టి పిల్లల్ని సాకడానికి. పిల్లలు ఎగిరిపోయాక చాలా పక్షులు ఆ గూటి మొహం కూడా చూడవు. ఇవన్నీ తప్పుగా నేర్పి, బాగా రాశావని పిల్లాడి చేతి మీద స్టార్ వేస్తున్నాం. నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మాకు తేలినీలాపురం అనే ఊరు దగ్గర. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితో పాటు పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కడతాయి. ఒక డిసెంబరులో మా పిల్లల్ని ఆటోల్లో ఎక్కించి తీసుకెళ్లాను. కొందరు తల్లులకు ఇష్టం లేదు. అక్కడ కంపు కొడుతుంది, రెట్టలు మీద పడతాయి అన్నారు. పడ్డాయి. తుడిచేశాం.

చింతచెట్టు కింద నిలబడ్డాం. పైన పిల్ల పక్షులు ఒకటే గోల. ఒక పెద్ద గూడబాతు వచ్చి వాలగానే దాని పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చేసింది. "టీచర్, తినేస్తోంది!" అని ఒక పాప ఏడుపు అందుకుంది. తినెయ్యడం కాదమ్మా, అమ్మ తెచ్చిన చేపని పిల్ల తింటోంది అని చెప్పాక కుదుటపడింది. అంతలో పక్క గూట్లోంచి సగం అరిగిన చేప ఒకటి జారి మా ముందు పడింది. అందరూ చుట్టూ చేరారు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక బాబు అటూ ఇటూ చూసి, "ఇక్కడ చెరువు లేదు కదా టీచర్, చేప ఎక్కణ్నుంచొచ్చింది?" అన్నాడు.

ఆ ప్రశ్న వాడికి ఏ కార్డు చూసినా పుట్టేది కాదు. నేను జవాబు చెప్పలేదు. మళ్లీ ఆటోలు ఎక్కించి నౌపడ వైపు తీసుకెళ్లాను. ఉప్పు మడుల పక్కన తంపర నేలల్లో, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలల్లో, అవే కొంగలు, కాళ్లు నీళ్లలో పెట్టి, ముక్కు సగం తెరిచి నీళ్లలో ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపుతున్నాయి. చేప ముక్కుకి తగిలిందా, టక్కున మూసేస్తాయి. వాటికి చూపు కంటే స్పర్శే ముఖ్యం. అందుకే లోతు తక్కువ నీళ్లు కావాలి. గూడబాతు అయితే ఈదుకుంటూ వెళ్లి సంచితో తోడుకుంటుంది, దానికి కాస్త లోతున్నా ఫర్వాలేదు. ఒకే చెట్టు మీద గూళ్లు, భోజనం మాత్రం వేరు వేరు నీళ్లలో. మర్నాడు ఆ బాబు పలక మీద ఒక చివర చెట్టు, ఇంకో చివర నీళ్లు, మధ్యలో పొడుగు గీత గీశాడు. పక్షి ఇల్లు ఏదిరా అంటే గీత మొత్తం చూపించాడు. వాడికి అర్థమైనంత ఆ పుస్తకాలు రాసినవాళ్లకు అర్థం కాలేదని నా నమ్మకం.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. చాలామంది ఈ పక్షుల్ని సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులంటారు. కాదు. ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. సైబీరియా నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి, సూదితోక బాతు లాంటివి. అవి చలికాలమంతా ఇక్కడ తిని, తిరిగి వెళ్లి అక్కడ గుడ్లు పెడతాయి. ఇక్కడే గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లని ఎగరేసుకుని వెళ్లే పక్షిని విదేశీ అని ఎలా అంటాం? ఆ రోజు ఊళ్లో ఒక ముసలమ్మ, "మా ఆడపిల్లలే అమ్మా, పురిటికి పుట్టింటికొచ్చారు" అంది. మా పిల్లలకు అది చటుక్కున ఎక్కింది. ఎవరి పిన్నో, ఎవరి అత్తో పురిటికి రావడం వాళ్లు చూసినదే కదా.

2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటలతో, చుట్టూ ఉన్న వస్తువులతోనే నేర్పమంటోంది. అయినా వర్క్‌షీట్లు నింపకపోతే తల్లిదండ్రులు ఊరుకోరు, యాజమాన్యం ఊరుకోదు. నాలుగేళ్ల పిల్లకి పెంగ్విన్ తెలుసు, పొలం గట్టు మీద ఎండ్రకాయ బొరియ తెలీదు.

మొక్కలకు కూడా కార్డులు అక్కర్లేదు. రెండు కప్పుల్లో మెంతులు చల్లి, ఒకదానికి మామూలు నీళ్లు, ఒకదానికి బాగా ఉప్పు కలిపిన నీళ్లు పొయ్యమనండి. ఉప్పు నీళ్ల కప్పులో మెంతులు మొలకెత్తకపోవడం వాడే చూస్తాడు. ఉప్పు మడుల పక్కన వరి ఎందుకు పండదో అప్పుడు చెప్పండి.

మియాపూర్ అంటున్నారు కాబట్టి మీకు అమీన్‌పూర్ చెరువు పక్కనే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లండి. పక్షుల పేర్లు చెప్పే తొందర వద్దు. ఇది ఏం తింటోంది, ఎక్కడ పడుకుంటుంది, పిల్లల్ని ఎక్కడ పెడుతుంది అని మాత్రం అడుగుతూ ఉండండి. ఇంటికొచ్చాక టబ్బులో నీళ్లు పోసి, నాలుగు చింతగింజలు వేసి, బాబు కళ్లు మూసి, రెండు చెంచాలు ముక్కులా పట్టుకుని వెతకమనండి. మొదట తక్కువ నీళ్లు, తర్వాత నిండా. తేడా వాడే చెప్తాడు. కార్డుల డబ్బు ఆటోకి సరిపోతుంది.